ఇంటి సమస్యలు గేటు బయట వదిలి రావాలట!



పోయిన వారం ఒక పాత విద్యార్థి ఫోన్ చేశాడు. మా కాలేజీలో బీఏ చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ పీజీ చేస్తున్నాడు. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం మూడు నుంచి అర్ధరాత్రి దాకా ఒక పెద్ద హోటల్లో హౌస్‌కీపింగ్ పని. "సార్, నా ప్రాజెక్టు ప్రశ్నలు తెలుగు చేసి పెట్టండి. మా కిచెన్‌లో గిన్నెలు కడిగేవాళ్ళకి ఇంగ్లీషు రాదు" అన్నాడు. పంపమన్నాను.

ప్రాజెక్టు పేరు "హోటల్ ఉద్యోగుల పనితీరుపై కుటుంబ సమస్యల ప్రభావం". మొత్తం 22 ప్రశ్నలు. నిజానికి అవి ప్రశ్నలు కావు, ఒప్పుకోలు వాక్యాలు. "ఇంట్లో గొడవ జరిగిన రోజు నేను పనికి ఆలస్యంగా వస్తాను." "ఇంటి ఆలోచనల వల్ల అతిథులతో విసుగ్గా మాట్లాడతాను." "ఇంటి సమస్యల వల్ల పనిలో తప్పులు చేస్తాను." ఒక్కోదాని పక్కన ఐదు గడులు. పూర్తిగా ఒప్పుకుంటాను దగ్గర మొదలై అస్సలు ఒప్పుకోను దాకా.

పదకొండో వాక్యం దగ్గర ఆగిపోయాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. 22 వాక్యాలూ ఒకే దారిలో నడుస్తున్నాయి, ఇంటి నుంచి హోటల్‌కి. హోటల్ నుంచి ఇంటికి వెళ్ళే వాక్యం ఒక్కటీ లేదు. పిల్లాడికి ఫోన్ చేసి అడిగాను. "మా గైడ్ అది టాపిక్‌లో లేదన్నారు సార్" అన్నాడు.

టాపిక్‌లో లేని దాని గురించే ఈ వ్యాసం.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. 1998లో నాకు పదేళ్ళు. గుంటూరులో బస్టాండు దగ్గర ఒక టిఫిన్ హోటల్లో మా అమ్మ గ్లాసులు, ప్లేట్లు కడిగేది. తెల్లారుజామున నాలుగున్నరకి వెళ్ళాలి, ఎందుకంటే ఐదున్నరకి మొదటి ఇడ్లీ వాయి దిగుతుంది. రోజుకు ముప్పై రూపాయలు. పెరట్లో సిమెంటు తొట్టి దగ్గర కూర్చుని కడగాలి. వంటగది గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. ఊళ్ళో అందరి పెదాలకీ తగిలే గ్లాసులు మా అమ్మ చేతులతోనే కడిగేది. ఆమెకి మాత్రం టీ పొయ్యడానికి వేరే గ్లాసు, తొట్టి పక్కన గోడకి బోర్లించి ఉండేది. మాదిగ మనిషి కడిగిన గ్లాసు పనికొస్తుంది, తాగిన గ్లాసు పనికిరాదు. ఈ లెక్క నాకు పీహెచ్‌డీ చేసినా అర్థం కాలేదు.

మా నాయన మిర్చి యార్డులో హమాలీ. తాగేవాడు, కొట్టేవాడు. ఒకరాత్రి అమ్మ చెయ్యి మెలి తిప్పాడు. పొద్దున్నకి మణికట్టు వాచింది. ఆ చేత్తోనే పనికి పోయింది. సబ్బు నీళ్ళలో మూడు గ్లాసులు జారి పగిలాయి. ఓనరు దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. అందులో "గ్లాసులు 3, 12 రూ." అని రాసి, సాయంత్రం పద్దెనిమిది రూపాయలు చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి మా నాయన "ముప్పైలో పన్నెండు ఎక్కడే?" అని అడిగాడు. గ్లాసులు పగిలాయంటే నమ్మలేదు. మళ్ళీ కొట్టాడు.

ఇప్పుడు చెప్పండి. మొదటి దెబ్బ ఇంట్లో తగిలింది, హోటల్లో గ్లాసులు పగిలాయి. ఇది ఆ 22 వాక్యాల్లో ఉంది. ఇంటి సమస్య పనితీరుని దెబ్బతీసిందని గడిలో టిక్కు పెట్టొచ్చు. రెండో దెబ్బ సంగతేంటి? హోటల్లో కోసిన పన్నెండు రూపాయలు ఇంటికొచ్చి మా అమ్మ వీపు మీద పడ్డాయి. దీనికి గడి లేదు. ఓనరు నోటుబుక్కులో గ్లాసుల ధర ఉంది, వాచిన చెయ్యి లేదు. మన పరిశోధన ఆ నోటుబుక్కునే చక్కగా టైపు చేసి, గ్రాఫులు గీసి, బైండింగు చేయించి లైబ్రరీలో పెడుతోంది.

మొన్న అమ్మకి ఫోన్ చేసి ఆ ప్రశ్నల్లో ఒకటి చదివి వినిపించాను. "ఇంట్లో సమస్యల వల్ల నీ పని దెబ్బతినేదా అమ్మా?" అన్నాను. నవ్వింది. "ఇంట్లోనా? నేను ఇంట్లో ఎప్పుడున్నాన్రా?" అంది.

ఈ మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఎందుకంటే ఇవాళ కూడా హోటల్ పనివాళ్ళు ఇంట్లో ఎప్పుడుంటారన్నదే అసలు ప్రశ్న.

హోటళ్ళలో బ్రేక్ షిఫ్ట్ అని ఒకటుంది. బయటివాళ్ళకి తెలియదు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. పొద్దున పదికి డ్యూటీ. మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక మూడింటికి బ్రేకు. మళ్ళీ రాత్రి ఏడింటికి ఎక్కి పదకొండున్నరకి దిగాలి. కాగితం మీద తొమ్మిదిన్నర గంటల పని. మధ్యలో నాలుగు గంటలు నీవేనంటారు. ఇల్లు గంట దూరంలో ఉన్న మనిషి ఆ నాలుగు గంటల్లో రెండు బస్సులో పోగొట్టుకుని ఇంటికెళ్ళి ఏం చేస్తాడు? స్టోర్ రూమ్‌లో అట్టపెట్టె పరుచుకుని పడుకుంటాడు. తొమ్మిదింటికి ఇల్లు వదిలినవాడు రాత్రి పన్నెండున్నరకి ఇల్లు చేరతాడు. పదిహేనున్నర గంటలు పోగా మిగిలింది ఎనిమిదిన్నర గంటలు. నిద్ర, స్నానం, పిల్లల చదువు, ముసలి తల్లి మందులు, భార్యతో ఒక మాట, అన్నీ అందులోనే. హోటల్ దృష్టిలో ఆ ఎనిమిదిన్నర గంటల పేరే "ఇల్లు". ఆ ఇంటి సమస్యలు ఎనిమిదిన్నర గంటల్లో తీర్చుకుని, ముఖం కడుక్కుని, గడ్డం గీసుకుని, నవ్వుతూ రావాలి.

మా విద్యార్థి ఇంకో మాట చెప్పాడు. "సార్, మా హోటల్లో మా అమ్మమ్మ మూడు సార్లు చచ్చిపోయింది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. పరీక్షలకి ఒకసారి, చెల్లెలి పెళ్ళిచూపులకి ఒకసారి, తనకే జ్వరం వచ్చినప్పుడు ఒకసారి. జ్వరమంటే సెలవు ఇవ్వరు, చావంటేనే ఇస్తారు. "పోయిన ఏడాది ఆమె నిజంగానే చనిపోయింది సార్. ఎన్నిసార్లు చస్తదయ్యా మీ అమ్మమ్మ అని అందరిముందూ నవ్వారు. సెలవివ్వలేదు. పదిహేను గదులు శుభ్రం చేసి, అర్ధరాత్రి బస్సెక్కి పోయేసరికి పూడ్చిపెట్టేశారు."

ఈ పిల్లాడు ఆ రోజు ఏదో గదిలో దుప్పటి సరిగ్గా మడవలేదనుకోండి. అది ఇంటి సమస్యా, హోటల్ సమస్యా?

మేనేజ్‌మెంట్ చదువుకి ఈ సంగతి తెలియదా అంటే, బాగానే తెలుసు. గ్రీన్‌హౌస్, బ్యూటెల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1985లోనే పనికీ కుటుంబానికీ మధ్య ఘర్షణ గురించి రాశారు. ఒకచోట పోయే కాలం, పడే ఒత్తిడి, అలవాటైన ప్రవర్తన రెండోచోటికి ఎలా అడ్డొస్తాయో చెప్పారు. ఆ ఘర్షణ రెండు వైపులా నడుస్తుందన్నది ఆ రంగంలో అందరూ ఎరిగిన మాటే. మన కాలేజీ ప్రాజెక్టుల దాకా వచ్చేసరికి అందులో ఒక వైపు మాయమైపోతుంది. ప్రాజెక్టుకి అనుమతి ఇవ్వాల్సింది హోటల్ హెచ్ఆర్ కాబట్టి. రేపు ఉద్యోగం ఇవ్వాల్సిందీ వాళ్ళే కాబట్టి.

అర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లో విమానాల్లో పనిచేసే అమ్మాయిల మీద పుస్తకం రాసింది. నవ్వడం కూడా శ్రమేనని, లోపల ఒకటి ఉంచుకుని పైకి ఒకటి చూపించడాన్ని కంపెనీ కొనుక్కుంటుందని చెప్పింది. హోటల్ రిసెప్షన్‌కి ఇది అచ్చంగా సరిపోతుంది. కానీ మన దేశంలో దీనికి ఇంకో పొర ఉంది. నవ్వు అమ్ముకునే ఉద్యోగం కూడా అందరికీ దొరకదు. రిసెప్షన్‌లో నిలబడాలంటే రంగు కావాలి, ఇంగ్లీషు కావాలి, ఇంటిపేరు చెప్పగానే ఎదుటివాడి కనుబొమలు ముడిపడకూడదు. మనవాళ్ళకి ఎక్కువగా దొరికేది కనపడని చోటు. గిన్నెలు కడిగే చోటు, బట్టలుతికే చోటు, బాత్‌రూములు. గిన్నెలు కడిగే విభాగానికి పెద్ద హోటళ్ళలో "కిచెన్ స్టీవార్డింగ్" అని అందమైన పేరు పెట్టారు. తొట్టి మారింది, స్టీలు సింకు వచ్చింది, యూనిఫాం వచ్చింది. దాని ముందు నిలబడే మనుషులు ఏ వాడల నుంచి వస్తున్నారో ఒకసారి వెళ్ళి చూడండి.

తెలుగు మాస్టారిని కదా, ఒక మాట చెప్పుకోనివ్వండి. మన సాహిత్యంలో హోటల్‌కి పాత పేరు పూటకూళ్ళ ఇల్లు. క్రీడాభిరామంలో ఓరుగల్లులో రూక ఇచ్చి భోంచేసే పూటకూళ్ళ ఇల్లు ఉంది. గురజాడ నాటకంలో పూటకూళ్ళమ్మ ఉంది. ఏమేం వడ్డించారో మన కవులు నోరూరేలా చెప్పారు. ఎంగిలి విస్తళ్ళు ఎవరెత్తారో నేను చదివినంతలో ఎవరూ చెప్పలేదు. హోటల్ అన్నది ఒకప్పుడు నిజంగా ఎవరిదో ఒక ఇల్లే. ఇవాళ ఆ హోటలే తన పనివాళ్ళ ఇంటిని శత్రువుగా చూస్తోంది.

ఇంతకీ ఆ ఇల్లు ఎక్కడుంది? హైదరాబాద్‌లో టూలెట్ బోర్డు చూసి గేటు తట్టిన మన పిల్లలకి తెలుసు. "ఏ ఊరు?", "ఏం చేస్తారు?", "నాన్‌వెజ్ తింటారా?" అని తిప్పి తిప్పి అడిగి, చివరికి "మీరేమిట్లు?" దగ్గరికి వస్తారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాక హోటల్‌కి పది నిమిషాల దూరంలో ఉన్న గది గంటన్నర దూరానికి జరుగుతుంది. పొద్దున ఆలస్యంగా వచ్చాడని సూపర్‌వైజర్ రాసుకుంటాడు. కారణం గడిలో "ఇంటి సమస్య" అని ఉంటుంది. కులం అన్న గడి లేదు.

రాజ్యాంగం 15వ అధికరణ రెండో క్లాజులో హోటల్ ప్రస్తావన ఉంది. దుకాణాల్లోకి, రెస్టారెంట్లలోకి, హోటళ్ళలోకి వెళ్ళడానికి కులం పేరుతో అడ్డుపడకూడదని అందులో రాశారు. ఆ హక్కు ఎలా వచ్చిందో మీకు చెప్పాల్సిన పని లేదు. ముందు తలుపులోంచి కస్టమర్‌గా వెళ్ళే హక్కు వచ్చింది. వెనక తలుపులోంచి పనికెళ్ళేవాళ్ళ బతుకు మీద మనం ఇంకా గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టలేదు.

ఇక మీలో కొందరు అడగబోయేది నాకు తెలుసు. "సార్, మీ నాయన తాగి కొడితే హోటల్ ఓనరు ఏం చేస్తాడు?"

న్యాయమైన ప్రశ్న. నిజాయితీగా జవాబు చెప్తాను. మా నాయన చేతి దెబ్బ మా నాయనదే. దాన్ని పేదరికం మీదకో, కులం మీదకో నెట్టి మన ఇళ్ళలో మగవాళ్ళని కాపాడే పని నేను చెయ్యను. ఉద్యమాల్లో ఇప్పటికే ఆ పని చాలా జరిగింది. జై భీమ్ అని ఇంటికొచ్చి భార్య మీద చెయ్యెత్తేవాళ్ళు నాకూ తెలుసు, మీకూ తెలుసు. కాబట్టి అన్ని ఇంటి సమస్యలూ హోటల్ తయారుచేసినవేనని నేననడం లేదు.

నేననేది ఇది. చెయ్యి వాచిన మనిషికి ఒక రోజు సెలవిచ్చే అధికారం ఓనరుకి ఉంది. పగిలిన గ్లాసుని వ్యాపారం ఖర్చుగా రాసుకునే అధికారం ఉంది. రెండూ చెయ్యకుండా, "ఇంటి విషయాలు ఇక్కడికి తేవద్దు" అన్నాడు. అదే ఓనరు వాళ్ళింట్లో శుభకార్యమైతే పనివాళ్ళందర్నీ ఇంటికి పిలిచి గిన్నెలు కడిగించాడు. ఆయన ఇల్లు హోటల్లోకి రావచ్చు, హోటల్ ఆయన ఇంట్లోకి పోవచ్చు. గేటు దగ్గర ఆపేది మన ఇంటిని మాత్రమే.

ఈ గేటుని బాబాసాహెబ్ ఎప్పుడో తోసేశాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ స్త్రీల ప్రసూతి ప్రయోజనాల బిల్లు మీద ఆయన మాట్లాడాడు. కాన్పు అన్నది పూర్తిగా ఇంటి విషయం కదా, యజమానికేం సంబంధం అనే రోజులవి. ఆ స్త్రీ శ్రమ వల్ల లాభం పొందుతున్నవాడు ఆ భారంలో వాటా మొయ్యాలన్నది ఆయన వాదన. తర్వాత వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉండగా, 1946లో ఫ్యాక్టరీల చట్ట సవరణతో వారానికి 54 గంటల పని 48 గంటలకి దిగింది. ఆ ఆరు గంటలు ఎక్కడికి వెళ్ళాయి? ఇంటికి. మనం బాబాసాహెబ్‌ని రాజ్యాంగం దగ్గరే ఆపేస్తాం. కూలి మనిషికి ఇల్లు చేరే సమయం ఇచ్చినవాడిగా ఆయన్ని గుర్తు పెట్టుకోవడం లేదు.

ఇప్పుడు ఆ గంటలు వెనక్కి నడుస్తున్నాయి. 1988 నాటి మన దుకాణాలు, సంస్థల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని చెప్పింది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉందని, విశ్రాంతితో కలిపి రోజుకు 12 గంటలు దాటకూడదని అందులో ఉంది. నేను పైన వేసిన బ్రేక్ షిఫ్ట్ లెక్క మళ్ళీ చూడండి. పదింటి నుంచి పదకొండున్నర దాకా పదమూడున్నర గంటలు. కాగితం మీద హద్దు ఉన్నప్పుడే ఇలా ఉంటే, హద్దు జరిపాక ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1991లో హోటళ్ళు, రెస్టారెంట్లలో పనిచేసేవాళ్ళ కోసమే ఒక ఒప్పందం చేసింది. దాని నెంబరు 172. పనివాళ్ళు తమ సొంత జీవితాన్ని, కుటుంబ జీవితాన్ని ఏర్పాటు చేసుకోగలిగేలా, వీలైన చోటల్లా డ్యూటీ వేళలు చాలినంత ముందుగా చెప్పాలని అందులో ఉంది. టిప్పులు వచ్చినా రాకపోయినా క్రమం తప్పకుండా మూల వేతనం ఇవ్వాలని ఉంది. చూడండి, కుటుంబం అన్న మాటని ఒక అంతర్జాతీయ ఒప్పందం యజమాని బాధ్యతల్లో రాసింది. భారతదేశం ఇప్పటిదాకా దాన్ని ధ్రువీకరించలేదు. "అతిథి దేవో భవ" అని ప్రకటనలు ఇచ్చుకున్న దేశం మనది. వడ్డించేవాళ్ళ విషయంలో మాత్రం సంతకం పెట్టదు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని సామెత. లేనివాడు గొప్పలకు పోతున్నాడని ఎగతాళి చెయ్యడానికి వాడతారు. హోటల్ పనివాడికి ఇది ఎగతాళి కాదు, ఉద్యోగ నిబంధన. ఇస్త్రీ యూనిఫాం, మెరిసే బూట్లు, మెడలో టై. పల్లకీ మొయ్యాల్సిందీ అతనే.

హోటళ్ళు కౌన్సెలర్లని పెట్టుకుంటున్నాయి, యోగా క్లాసులు పెడుతున్నాయి. వద్దనను. కానీ బిడ్డని చూసేవాళ్ళు లేని తల్లికి యోగా ఎందుకు? 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో సవరణ వచ్చింది. మీ ఊళ్ళో పెద్ద హోటల్‌కి వెళ్ళి అది ఎక్కడుందో అడగండి. స్విమ్మింగ్ పూల్ మాత్రం వెంటనే చూపిస్తారు.

హోటల్ మేనేజ్‌మెంట్, ఎంబీఏ, సోషల్ వర్క్ చదువుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక విన్నపం. ఈ టాపిక్ మీకు ఇస్తే కాదనకండి. మీ కాగితంలో ఈ ఆరు ప్రశ్నలు కూడా కలపండి.

1. మీ డ్యూటీ వేళలు మీకు ఎన్ని రోజుల ముందు తెలుస్తాయి?

2. పోయిన నెలలో ఇంట్లోవాళ్ళతో కూర్చుని ఎన్ని పూటలు తిన్నారు?

3. సెలవు కోసం ఎవరి చావు గురించైనా అబద్ధం చెప్పారా?

4. పగిలినవాటికి, పోయినవాటికి జీతంలో ఎంత కోశారు? ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగింది?

5. అర్ధరాత్రి డ్యూటీ దిగాక ఇంటికి ఎలా వెళ్తారు?

6. మీ విభాగంలో మీ కులంవాళ్ళు ఎంతమంది? రిసెప్షన్‌లో ఎంతమంది?

మా విద్యార్థికి 22 వాక్యాలూ తెలుగు చేసి పంపాను. ఈ ఆరూ విడిగా ఇంకో కాగితంలో పంపాను. "మార్కులు పోతాయేమో సార్" అన్నాడు. పోతాయి. ఉద్యోగం కూడా పోవచ్చు. బొత్తిగా గండం లేదని నేను చెప్పలేను, నా జీతం కాలేజీ నుంచి వస్తోంది కాబట్టి ధైర్యం చెప్పడం నాకు సులువు. నీకు వీలైతేనే అడుగు అన్నాను.

నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు. బ్రేకులో గిన్నెలు కడిగే ఒకామెని అడిగాడట. 22 వాక్యాలకీ ఐదు నిమిషాల్లో టిక్కులు పెట్టేసింది, అన్నిటికీ "అస్సలు ఒప్పుకోను" అని. ఒప్పుకుంటే పని పోతుందని భయం. ఆరు ప్రశ్నల కాగితం తీస్తే నలభై నిమిషాలు మాట్లాడింది. నాలుగో ప్రశ్న దగ్గర ఏడ్చింది. చివర్లో ఆమె ఒకటే అడిగిందట. "ఇదంతా రాసుకుంటే మా డ్యూటీ టైము మారుద్దా బాబూ?"

వాడి దగ్గర జవాబు లేదు. నన్నడిగాడు. నా దగ్గరా లేదు. జవాబు సంఘంలోనే దొరకాలి. అందుకే మీ ముందు పెడుతున్నాను.

జై భీమ్.